బండి ఎక్కే ముందు పది నిమిషాలు

ఉదయం ఏడు గంటల వేళ పద్మానగరు సందులలో నిలబడి చూసినట్లయితే మన భివండీ ఎంత మారినదో తెలుస్తుంది. ఒక తరం క్రిందట ఆ వేళకు వినిపించినది మరమగ్గాల చప్పుడొక్కటే. రాత్రి పాళీవారు ఇళ్ళకు, పగటి పాళీవారు కార్ఖానాలకు నడిచిపోయేవారు. ఆ చప్పుడు నేటికీ ఆగలేదు. అయితే అవే సందుల నుండి ఇప్పుడు యువకులు గుంపులుగా బయలుదేరి రిక్షాలలోను, మోటారు సైకిళ్ళ మీదను మాన్‌కోలీ, పూర్ణా, కాల్హేర్, దాపోడే దిక్కుగా పోతున్నారు. వారు చేరేది గోదాములకు. 2017లో వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చిన తరువాత రాష్ట్రానికొక చిన్న గోదాము పెట్టుకునే అవసరం వ్యాపార సంస్థలకు తగ్గినది. ఒకే చోట పెద్ద గోదాములు కట్టడం లాభమని తోచినది. ముంబయికి దగ్గరగా, రహదారుల కూడలిలో ఉన్న మన తాలూకాకు ఆ గోదాములు మరింతగా తరలివచ్చినవి. వాటిలో చాలా భాగం నగరపాలక సంస్థ హద్దులకు వెలుపల, గ్రామ పంచాయతీలలో ఉన్నవి. పనిచేసేవారు మాత్రం మన వార్డులలోనే కాపురముంటున్నారు. అందుచేతనే ఈ విషయం ఈ పుస్తకంలో చోటు చేసుకున్నది.

తాతగారు కరీంనగరం నుండో నల్లగొండ నుండో మగ్గం పనికై ఇక్కడికి వచ్చిన ఇళ్ళలో మనుమలు నేడు ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నారు. ఆ బండిని చూడనివారి కోసం ఒక్క మాట. ముందు భాగాన రెండు ఉక్కు ఫోర్కులు, వాటిని పైకి క్రిందికి నడిపించే ఉక్కు స్తంభం, అనగా మాస్టు, ఉంటాయి. ప్యాలెట్ మీద పేర్చిన సరకు అడుగున ఫోర్కులు దూర్చి, ఎత్తి, పై అరలలోనో లారీలోనో పెట్టడం దాని పని. పది మంది హమాలీలు గంటలో చేసే పనిని ఒక్కడు కొద్ది నిమిషాలలో ముగిస్తాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ బండ్ల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి వీటి మేలును తక్కువ చేసి చెప్పను. ప్రతి పాళీలోను బండిని కదిలించే ముందు చేయవలసిన తనిఖీని గురించి, దానిని వ్రాసిపెట్టే పట్టికను గురించి మాత్రమే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

మగ్గం దగ్గర పెరిగినవారికి, పని మొదలుపెట్టే ముందు చూసుకోవడం క్రొత్త సంగతి కాదు. పడుగు మీద అరచేయి పోనిచ్చి, తెగిన పోగులు ముడివేసి, నాడెను చేతితో ఒకసారి త్రిప్పి చూడనిదే నేతగాడు మగ్గం నడపడు. అక్కడ చూడక వదిలిన లోపానికి బట్ట చెడుతుంది, కూలిలో కోత పడుతుంది. ఇక్కడ వదిలిన లోపం ఎవరి మీద పడుతుందో ముందుగా చెప్పలేము. తరచుగా అది బండి నడిపేవాని మీద కాక ప్రక్కన నిలబడ్డ సహాయకుని మీద పడుతుంది.

తక్కెడ వంటి బండి

తనిఖీలో దేనిని ఎందుకు చూడవలెనో తెలియాలంటే ఈ బండి ఎట్లా నిలబడుతుందో మొదట తెలియవలెను. రెండున్నర టన్నుల సరకు ఎత్తగల ఫోర్క్‌లిఫ్ట్ స్వయంగా దాదాపు 4 టన్నుల బరువుంటుంది. చూడడానికి చిన్న కారు పాటి ఉన్నా బరువులో మూడు నాలుగు కార్లకు సమానం. ఆ బరువును కావాలనే వెనుక ప్రక్కన పెట్టినారు. బండి ఒక తక్కెడ అనుకోండి. ముందు చక్రాల ఇరుసు తక్కెడకు ఆనిక. ఒక ప్రక్క సరకు, రెండవ ప్రక్క వెనుక నున్న ఉక్కు దిమ్మె. సరకు ప్రక్క మొగ్గు ఎక్కువైతే వెనుక చక్రాలు నేలను వదిలిపెడతాయి. బండిని త్రిప్పేవి వెనుక చక్రాలే కనుక, అవి నేల విడిచిన క్షణం నుండి స్టీరింగు పట్టుకున్నవాని చేతిలో ఏమీ ఉండదు.

సరకు ఎంత బరువున్నదో తెలిస్తే చాలదు, ఫోర్కుల మొదటి నుండి ఎంత దూరాన ఉన్నదో కూడా తెలియవలెను. బండి మీది పలకపై 2,500 కిలోలు, 500 మిల్లీమీటర్లు అని ఉంటే, సరకు బరువు మధ్యబిందువు ఫోర్కు నిలువు ముఖానికి 500 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడే 2,500 కిలోలు ఎత్తవచ్చునని అర్థం. అదే మధ్యబిందువు 700 మిల్లీమీటర్లకు జరిగితే అదే బండి మోయగలిగేది ఉజ్జాయింపుగా రెండు వేల కిలోలు మాత్రమే. పొడవైన బట్టల బేళ్ళు, నూలు పెట్టెలు ఎత్తే మనవారు దీనిని బాగా గుర్తుంచుకోవలెను. ఎత్తు పెరిగిన కొద్దీ కూడా శక్తి తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో ఆ పలక మీదనే ఉంటుంది. రంగు వేయించేటప్పుడు ఆ పలకను కూడా కలిపి పూసేసిన బండ్లను నేను ఎన్నో చూశాను. పలక చదవడానికి వీలుగా లేని బండి తనిఖీలో తప్పినట్టే లెక్క.

మరొక సంగతి. నాలుగు చక్రాలున్నా ఈ బండి నిలిచేది మూడు చోట్ల మీదనే. వెనుక ఇరుసు మధ్యలో ఒకే కీలు మీద ఊగుతుంది కనుక ముందు చక్రాలు రెండు, వెనుక కీలు ఒకటి కలిసి ఒక త్రికోణం ఏర్పడుతుంది. బండి, సరకు కలిసిన బరువు మధ్యబిందువు ఆ త్రికోణం దాటి బయటికి పోతే బండి ప్రక్కకు ఒరుగుతుంది. సరకు ఎత్తి పట్టుకొని వేగంగా మలుపు తిరిగినా, ఒక ప్రక్క టైరు అరిగి బండి వంగి ఉన్నా జరిగేది ఇదే. బోల్తాపడే సమయంలో మనిషికి సహజంగా కలిగే ఆలోచన దూకెయ్యడం. దూకినవాని మీదనే పైకప్పు చట్రం పడుతుంది. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ ఫోర్క్‌లిఫ్ట్ మరణాల కారణాలలో బోల్తాపడడాన్నే మొదటి స్థానంలో చూపినది. కూర్చున్న చోటనే ఉండి, స్టీరింగును గట్టిగా పట్టుకొని, పడుతున్న దిక్కుకు వ్యతిరేకంగా వాలవలెనని శిక్షణలో నేర్పుతారు. సీటు బెల్టు లేకుండా అది సాధ్యం కాదు. అందుకే తనిఖీలో బెల్టును ఒకసారి లాగి, తాళం పడుతున్నదో లేదో చూడవలెను. చాలా బండ్లలో బెల్టును సీటు వెనుకకు మడిచి కట్టేసి ఉంచుతారు, పదే పదే దిగవలసి వస్తుందని. ఆ ముడిని విప్పించడానికి నేను పడ్డ తిప్పలు ఇంజను మరమ్మతుకు కూడా పడలేదు.

తాళం త్రిప్పక ముందు

తనిఖీ రెండు భాగాలు. మొదటిది తాళం త్రిప్పక ముందు, బండి చుట్టూ నడిచి చేసేది. రెండవది సీటులో కూర్చొని చేసేది.

మొదట చూడవలసినది బండిని కాదు, బండి నిలిచిన నేలను. రాత్రంతా ఒకే చోట నిలిచిన బండి తన రోగం తానే నేల మీద వ్రాసిపెడుతుంది. మాస్టు క్రింద చుక్కలుంటే హైడ్రాలిక్ నూనె. చక్రం లోపలి ప్రక్క తడి ఉంటే బ్రేకు నూనె కావచ్చు. వెనుక భాగాన నీరుంటే రేడియేటరును అనుమానించవలెను. బండిని ముందుకు నడిపి వేరే చోట నిలబెట్టి తనిఖీ చేసేవారున్నారు. వారు అసలు సాక్ష్యాన్ని వెనుక వదిలి వచ్చినవారు.

తరువాత ఫోర్కులు. ఇక్కడ కొంచెం నిదానించవలెను. ఫోర్కు అనేది ఎల్ అక్షరం ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ. సరకు భారమంతా ఆ వంపు మీద పడుతుంది. వంపు లోపలి భాగాన వెంట్రుకవాసి చీలిక ఉన్నా ఆ బండిని నడపరాదు. దుమ్ము, గ్రీజు తుడిచి చూస్తేగాని ఆ చీలిక కనబడదు. ఫోర్కు అడుగుభాగం నేలకు రాచుకొని అరుగుతుంది. కొత్తప్పుడు 40 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫోర్కు 36కు వచ్చినట్లయితే, అనగా పదింట ఒక వంతు అరిగినట్లయితే, దానిని తీసివేయవలెనని అంతర్జాతీయ ప్రమాణం. పదో వంతుకే ఇంత పట్టింపు ఎందుకని పనివారు నన్ను అడుగుతుంటారు. వంగకుండా నిలిచే బలం మందంతో సమానంగా తగ్గదు, మందం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. తొమ్మిదిని తొమ్మిదితో హెచ్చిస్తే ఎనభై ఒకటి. అంటే నూటికి పది వంతుల మందం పోతే పందొమ్మిది వంతుల బలం పోయినది. కొలత తీయడం మెకానిక్ పని, రోజూ అవసరం లేదు. అరుగుదల ఒకే ప్రక్క ఎక్కువగా కనబడుతున్నదా, రెండు ఫోర్కుల కొనలు ఒకే ఎత్తులో ఉన్నవా, ఫోర్కును పట్టి ఉంచే గూటపు పిన్ను తన గాడిలో ఉన్నదా అన్నవి మాత్రం నడిపేవాడే రోజూ చూడవలెను. పిన్ను లేని ఫోర్కు మలుపులో ప్రక్కకు జారి ఊడిపడుతుంది. ఆ ఫోర్కు ఒక్కటే మనిషి ఒంటి చేత్తో లేపలేనంత బరువు.

గొలుసులు రెండు ఉంటాయి. రెండింటి బిగువు సమానంగా ఉండవలెను. ఒకటి వదులైతే భారమంతా రెండవదాని మీద పడుతుంది. తుప్పు, విరిగిన ఆకులు, పైకి పొడుచుకు వచ్చిన పిన్నులు కనబడితే బండి ఆగవలెను. వాడుకలో గొలుసు సాగుతుంది. 300 మిల్లీమీటర్ల ముక్క 309కి సాగితే మార్చవలసిన సమయం వచ్చినదని మెకానిక్ లెక్క. ఇంత చెప్పి ఒక హెచ్చరిక చేయకపోతే తప్పవుతుంది. గొలుసు చూడడానికి మాస్టు మధ్యకు చేయి పోనివ్వరాదు. ప్రక్కనుండి, ఎడంగా నిలబడి చూడవలెను. బిగువు తెలియాలంటే కర్రతో తట్టి చూడవచ్చును. ఎత్తిన ఫోర్కుల క్రింద తల పెట్టి చూడడం ఎంత అనుభవం ఉన్నవానికైనా తగదు.

హైడ్రాలిక్ గొట్టాల విషయంలోను ఇటువంటిదే మరొక జాగ్రత్త ఉన్నది. సన్నని రంధ్రం గుండా నూనె కారుతున్నట్టు తోస్తే చేతితో తడిమి చూడడం మనకు అలవాటు. ఆ నూనె వచ్చే ఒత్తిడికి చర్మం అడ్డు కాదు. సూది గుచ్చినంత చిన్న గాయంగా కనబడుతుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు, కాని లోపలికి పోయిన నూనె కండను కుళ్ళబెడుతుంది. అట్లా జరిగినవానిని తక్షణమే ఆసుపత్రికి చేర్చి, ఇది మామూలు గాయం కాదు, ఒత్తిడితో నూనె లోపలికి పోయినదని వైద్యునికి చెప్పవలెను. గొట్టాన్ని అట్టముక్కతో పరీక్షించడం తెలివి. నూనె ధార అట్ట మీద మరకగా పడుతుంది.

టైర్లు, పైకప్పు చట్రం, సరకు వెనుక జాలీ, దీపాలు, అద్దాలు చూపుతో తెలిసేవి. వీటికి నిమిషం చాలును.

బ్యాటరీతో నడిచే బండ్లు ఇప్పుడు ఎక్కువవుతున్నవి. పొగ లేదు, చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడమే సహాయకులకు ప్రమాదమని మరువరాదు. వెనుకకు వచ్చేటప్పుడు మ్రోగే గంట పనిచేస్తున్నదో లేదో వీటిలో తప్పక చూడవలెను. సీసపు బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఛార్జింగు గదిలో బీడీ కాల్చరాదన్న బోర్డుకు కారణం ఇదే. కిటికీలు మూసి, వాన జల్లు పడుతున్నదని గోనె సంచులు అడ్డం కట్టిన ఛార్జింగు గదిని చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయిన రోజు ఉన్నది. బ్యాటరీలో శుద్ధమైన నీటిని ఛార్జి పూర్తి అయిన తరువాత పోయవలెను. ముందే నిండుగా పోస్తే ఆమ్లం పొంగి పొర్లుతుంది. కంట్లో ఆమ్లం పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీటితో కడిగి, ఆ తరువాత వైద్యుని వద్దకు తీసుకుపోవలెను. పెద్ద బ్యాటరీ బరువు టన్ను దాకా ఉంటుంది, అది కూడా వెనుక దిమ్మెలో భాగమే. పాత బ్యాటరీ తీసి తేలికైనది అమర్చితే తక్కెడ లెక్క మారిపోతుంది. అట్లా మార్చిన బండి పలక మీది అంకెలు ఇక చెల్లవు.

సీటులో కూర్చున్న తరువాత

తాళం త్రిప్పి హారను మ్రోగించి చూడవలెను. ఫోర్కులను నిండుగా ఎత్తి, దించి, మాస్టును ముందుకు వెనుకకు వంచి చూడవలెను. కదలిక ఒడిదుడుకులు లేక సాఫీగా ఉండవలెను. స్టీరింగులో వదులు ఎంత ఉన్నదో చూడవలెను. చేతి బ్రేకు వేసి బండి నిలుస్తున్నదో లేదో చూడవలెను. చివరగా, ఖాళీ బండిని నెమ్మదిగా పది అడుగులు నడిపి కాలి బ్రేకు తొక్కవలెను. పెడలు గట్టిగా, ఒకే ఎత్తులో ఆగవలెను. మెత్తగా లోపలికి దిగుతున్నదంటే గొట్టంలో గాలి చేరినదనో, నూనె కారుతున్నదనో అర్థం. పంపినట్టు రెండు మూడు సార్లు తొక్కితే పడుతున్నది కదా అని సర్దుకుపోయేవారే ఎక్కువ.

బ్రేకు విషయం వచ్చినది కనుక ఒక సంఘటన చెప్పక తప్పదు. అది జరిగి చాలా ఏళ్ళయినది. గోదాము పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అనవసరం. ఒక గురువారం సాయంత్రం, నేను వేరొక బండి గేరుబాక్సు విప్పి కూర్చున్న సమయంలో, బండి నడిపే కుర్రవాడొకడు వచ్చి, "బ్రేకు జర మెత్తగున్నది కాకా" అన్నాడు. చేతులకు గ్రీజున్నది, చీకటి పడుతున్నది. సోమవారం చూస్తానులే బిడ్డా అన్నాను. అతడు సరేనని వెళ్ళిపోయినాడు. సోమవారం నన్ను వేరే గోదాముకు పంపించినారు. మంగళవారం వాన. లారీ ర్యాంపు తడిగా ఉన్నది. బండి ప్యాలెట్‌తో సహా ఆగకుండా జారి, లారీ ప్రక్కన నిలబడ్డ సహాయకుని కాలును సిమెంటు స్తంభానికి నొక్కివేసినది. మనిషి బ్రతికినాడు. పాదం తీసివేయవలసి వచ్చినది.

మరునాడు తనిఖీ పట్టిక బయటికి తీసినారు. గురువారం, శుక్రవారం, శనివారం, సోమవారం, మంగళవారం, అన్ని గడులలోను బ్రేకు బాగున్నదని టిక్కులున్నవి, క్రింద ఆ కుర్రవాని సంతకం ఉన్నది. ఆదివారం గడిలో కూడా టిక్కున్నది. ఆదివారం గోదాము మూసి ఉన్నది.

ఆ పట్టిక ఎట్లా తయారైనదో అక్కడ పనిచేసే అందరికీ తెలుసు. వారం మొదటి రోజున సూపర్వైజరు కాగితం తెచ్చి వారానికంతా ఒకేసారి సంతకం చేయించుకునేవాడు, పని ఆగకూడదని. గుత్తేదారు పట్టికను చూపి తన మనిషి బ్రేకు బాగున్నదని వ్రాసినాడు కదా అన్నాడు. బండిని అద్దెకిచ్చినవాడు కూడా అదే కాగితం చూపినాడు. గోదాము యాజమాన్యం కూడా అదే చూపినది. లోపం ఉన్నదని నాతో నోటిమాటగా చెప్పినవాడు అతడొక్కడే. కాగితం మీద లోపం లేదని చెప్పినవాడు కూడా అతడే అయినాడు. అతని ఉద్యోగం పోయినది. నేను నిజం చెప్పినాను గాని, నోటిమాటకు సాక్ష్యం నేనొక్కణ్ణే, పైగా సోమవారం చూస్తానన్నవాణ్ణి కూడా నేనే. ఆ రోజు గేరుబాక్సు వదిలి లేచి ఉంటే ఆ పని పావుగంట. తాళంచెవి అడిగి తీసుకొని జేబులో వేసుకున్నా చాలును.

అప్పటి నుండి నేను పట్టికను వేరే కంటితో చూస్తున్నాను. అది యాజమాన్యానికి కావలసిన కాగితమని పనివారనుకుంటారు. నిజాయితీగా నింపినట్లయితే అది నడిపేవానికి అండ. లోపం ఉన్నదని తేదీ, సమయంతో వ్రాసి సంతకం చేయించుకున్న తరువాత ఆ బండిని నడపమన్న బాధ్యత పై అధికారిది అవుతుంది. చూడకుండా కొట్టిన టిక్కు మాత్రం మనమే మనకు వ్యతిరేకంగా చెప్పిన వాఙ్మూలం. వారానికంతా ఒకేసారి సంతకం పెట్టమంటే మర్యాదగా నిరాకరించవలెను. తేదీ వేసి, చూసినది చూసినట్టు వ్రాసి, వీలైతే ఫోనుతో ఆ పుటను ఫోటో తీసి ఉంచుకోవలెను.

బండిని ఆపే హక్కు ఎవరిది

కర్మాగారాల చట్టం, 1948 ఎత్తుడు యంత్రాలను కనీసం 12 నెలలకొకసారి అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించవలెనని విధించినది. ఆ వార్షిక పరీక్ష కాగితం గోడకు వ్రేలాడుతున్నది కదా, రోజూ చూడడం దేనికని అడిగే సూపర్వైజర్లున్నారు. సంవత్సరానికొకసారి చేసే పరీక్ష నిన్న సాయంత్రం తెగిన గొట్టాన్ని చూడలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల కార్మిక భద్రతా నియమం ఈ భేదాన్ని స్పష్టంగా చెప్పినది: బండిని ప్రతిదినం పనిలో పెట్టే ముందు పరీక్షించవలెను, రాత్రింబవళ్ళు నడిచే బండినైతే ప్రతి పాళీ తరువాత పరీక్షించవలెను. మన గోదాములలో పండుగల అమ్మకాల నెలలలో బండ్లు రెండు మూడు పాళీలు చల్లారకుండా నడుస్తాయి. ఉదయం ఒకసారి చూసిన టిక్కు రాత్రి పాళీవానికి చెల్లదు.

వస్తువుల ఉత్పత్తి జరగని గోదాము కర్మాగారం కాదు కనుక ఆ చట్టం తమకు వర్తించదని చాలా కాలం వాదించేవారు. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి పది మంది లేక అంతకు మించి పనిచేసే వ్యాపార స్థలాలను కూడా తన పరిధిలోకి తీసుకున్నది. తీవ్రమైన ప్రమాదం ఆసన్నమైనదని సహేతుకంగా తోచినప్పుడు యజమాని దృష్టికి, అదే సమయంలో ప్రభుత్వ తనిఖీ అధికారి దృష్టికి తెచ్చే హక్కును ఆ స్మృతి పనివానికి ఇచ్చినది. యజమాని వెంటనే చర్య తీసుకోవలసి ఉంటుంది. భద్రతను గురించి తెలుసుకోగోరే హక్కు కూడా ఇచ్చినది. మహారాష్ట్రలో కర్మాగారాల భద్రతను చూసేది ఔద్యోగిక భద్రత, ఆరోగ్య సంచాలనాలయం.

హక్కు పుస్తకంలో ఉండడం వేరు, ఉదయం ఏడున్నరకు ఎనిమిది లారీలు వరుసలో నిలిచి ఉండగా "ఈ బండి నడపను" అనడం వేరు. గుత్తేదారు క్రింద రోజుకూలికి పనిచేసేవానికి ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. కనుక ఆ మాట ఒక్కడు అనవలసిన అవసరం లేకుండా గోదాములోనే ఒక పద్ధతి ఉండవలెను. కొన్ని చోట్ల ఎర్రని అట్ట ఒకటి తాళంచెవి ప్రక్కన వ్రేలాడదీసి ఉంచుతారు. లోపం కనబడితే నడిపేవాడు ఆ అట్టను స్టీరింగుకు కట్టి తాళంచెవి అప్పగిస్తాడు. మెకానిక్ సంతకం లేకుండా ఆ అట్టను ఎవరూ విప్పరాదు. అట్ట ఖరీదు ఐదు రూపాయలు కాదు. అది ఉన్న గోదాములో వాదులాట ఉండదు. తనిఖీకి పట్టే పది నిమిషాలను పాళీలో భాగంగా లెక్కించడం మరొక మంచి పద్ధతి. హాజరు వేయక ముందే వచ్చి తనిఖీ చేయమంటే ఎవరూ చేయరు, టిక్కులే కొడతారు. ఇది పనివాని సోమరితనం కాదు.

పట్టిక భాష కూడా ఆలోచించవలసిన విషయమే. చాలా చోట్ల అది ఆంగ్లంలో ఉంటుంది. మన పిల్లలు మరాఠీ బడులలో చదివినవారు; ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవడం అందరికీ రాదు. ప్రక్క బండి నడిపేవాడు ఉర్దూ చదివినవాడో, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చినవాడో కావచ్చును. అటువంటి చోట బొమ్మలతో వేసిన పట్టిక మేలు: ఫోర్కు బొమ్మ, గొలుసు బొమ్మ, బ్రేకు పెడలు బొమ్మ, ప్రక్కన రెండు గడులు. ఈ తెలుగు పుటలను కూడా ఇంటి పెద్దలే చదివి పిల్లలకు వినిపించవలసి వస్తుందేమో. అట్లా అయినా మంచిదే. మగ్గం మీద అరచేయి పోనిచ్చి చూడడం నేర్పినది వారే కదా.

వర్షాకాలానికి విడిగా రెండు మాటలు. జూన్ నుండి సెప్టెంబరు వరకు మన ప్రాంతంలో లారీ ర్యాంపులు ఎండవు. తడిసిన బ్రేకు మొదటి తొక్కుకు సరిగా పట్టదు. అందుచేత వాన రోజులలో బ్రేకు పరీక్షను ఎండు నేల మీద ఒకసారి, తడి నేల మీద ఖాళీ బండితో ఒకసారి చేయవలెను. సరకుతో ర్యాంపు దిగేటప్పుడు సరకు ఎగువ ప్రక్కకే ఉండవలెను, అనగా వెనుకకు దిగవలెను. ర్యాంపు మీద ఎక్కడా మలుపు త్రిప్పరాదు. టైర్ల గాడులలో ప్యాలెట్ మేకులు, ప్లాస్టిక్ పట్టీలు చిక్కుకుంటాయి. వాటిని తీసివేయడానికి బండి ఆపి, తాళం తీసి, దిగవలెను.

పాళీ ముగిసినప్పుడు ఫోర్కులను నేలకు దించి, చేతి బ్రేకు వేసి, తాళంచెవి తీసి, పట్టికలో చివరి గడి నింపవలెను. రోజంతా నడిపినవానికి తెలిసినది ప్రొద్దున్న వచ్చేవానికి తెలియదు. "కుడి మలుపులో స్టీరింగు బరువుగా ఉన్నది", "మధ్యాహ్నం నుండి బ్యాటరీ త్వరగా దిగుతున్నది", "వెనుక గంట ఆగి ఆగి మ్రోగుతున్నది" వంటి ఒక్క వాక్యం వ్రాసి, తరువాతి పాళీవాడు వచ్చేవరకు ఆగి, తాళంచెవితో పాటు ఆ మాట కూడా అతని చేతికివ్వవలెను.